ఎర్నా అవ్వ రాతిగోడ

ఎండిన ఏటి ఇసుకలో ఏనుగు అడుగుజాడ చుట్టూ ఎర్నా గావుసెస్ అవ్వ తాడు పరిచి, చివర్లు కలిసిన చోట ముడి వేసింది. మేకల దొడ్లకు రాళ్లు పేర్చి నేర్చుకున్న పని ఆమెది. ముంగాలి జాడ చుట్టుకొలతకు రెండింతలు ఏనుగు భుజం ఎత్తు. నీళ్ల ట్యాంకుకూ తను కట్టబోయే గోడకూ నడుమ అంత దూరం వదిలితే తొండం అందదు. ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మా వన్యప్రాణి సంరక్షణ సంఘం యాత్రికుల కోసం కట్టిన విడిదిలో ట్యాంకును ఏనుగులు అప్పటికే రెండుసార్లు పగలగొట్టాయి. మూడోసారి పగిలితే యాత్రికులను పంపే కంపెనీ వేరే చోటు చూసుకుంటానంది. అదే జరిగితే, జంతువులకు కాపలా కాసే మా ముగ్గురికీ పని పోతుంది.

సంఘం పెద్ద ఫెస్టుస్‌కు నమ్మకం కుదరలేదు. "అవ్వా, పట్నం ఇంజనీరు సిమెంటు గోడ కడితేనే తోసేశాయి. నీ పొడిరాళ్లు ఆగుతాయా?"

"సాపు గోడ కనిపిస్తే ఎవడైనా ఆనుకుంటాడ్రా. మొనదేలిన రాళ్ల మీద కాలు పెట్టమను చూద్దాం!"

గాడిద బండి మీద రాళ్లు వచ్చాయి. పదకొండు రోజుల్లో గోడ ఆమె ఛాతీదాకా లేచింది, గోడ అడుగున మొనరాళ్ల వాలు. బయటివైపు ఏనుగుల కోసం నీళ్ల తొట్టి కూడా కట్టించింది. "దప్పికతో వచ్చినవాడికి నీళ్లివ్వకుండా తలుపేస్తే, తలుపు విరుగుతుంది," అనేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం పెద్ద మగ ఏనుగు వచ్చింది. మేమంతా బండి వెనక నక్కాం. ఏనుగు గోడ మీదుగా తొండం చాచి ట్యాంకు మూత తడిమింది. తొట్టిలో ఇంకా నీళ్లు నింపకపోవడంతో కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

ఎర్నా తిన్నగా ఏటిలోకి నడిచి తాజా జాడల ముందు కూర్చుంది. నడిచేటప్పుడు ఏనుగు వెనక కాలును ముంగాలి జాడ మీదే మోపుతుంది. వెనక పాదం కోలగా, చిన్నగా ఉంటుంది.

"వెనక కాలు కొలిచాను," అంది. ఆమె గొంతు తగ్గలేదు.

"ఎవరికి తెలుస్తుందిలే అవ్వా! మూతకి ఇనుప పట్టీ బిగిద్దాం. మూడు రోజుల్లో కంపెనీవాళ్లొస్తున్నారు," అన్నాడు ఫెస్టుస్.

"ఏనుగుకి తెలిసిపోయిందిగా. నువ్వు చొక్కా తియ్యి."

ట్యాంకుకు మిగతా రెండు పక్కలా నిట్టనిలువు బండే కాబట్టి, కట్టిన ఉత్తరం, పడమర గోడలు రెండూ విప్పేసింది. పేటలోని ఆడవాళ్లు వరసగా నిలబడి రాళ్లు చేతులు మార్చారు. సంఘం పెద్ద కూడా మోశాడు, బొబ్బలెక్కినా తిట్టుకుంటూనే మోశాడు. ఈసారి ఆమె వెనక పాదం మీద పడని ముంగాలి జాడలు నాలుగు వెతికి, పెద్దదాన్ని కొలిచి, గోడలు ఆ మేరకు దూరం జరిపి మళ్లీ లేపింది, తొట్టి నింపించింది.

మూడో రోజు కంపెనీ వాళ్ల ఎదుటే ఆ మగ ఏనుగు మళ్లీ వచ్చింది. తొండం చాచింది. మూతకు జానెడు ఇవతలే ఆగిపోయింది. మొనరాళ్ల మీద ముంగాలు ఆనించబోయి వెనక్కి తీసుకుంది. తర్వాత తొట్టివైపు తిరిగి, కడుపారా తాగింది. "వచ్చే నెల నుంచి యాత్రికుల బళ్లు పంపుతాం," అంది కంపెనీ ఆవిడ, ఏనుగు మీంచి చూపు తిప్పకుండానే.

ఎర్నా చేతులు గౌనుకు తుడుచుకుని, నీళ్ల కవాటం తాళంచెవి ఫెస్టుస్ బొబ్బల చేతిలో పెట్టింది.

"రోజూ పొద్దున్నే తొట్టి నింపు. ఒక్కరోజు మానేశావంటే, ఆ గోడకి నా పూచీ లేదు."