తడి బియ్యం ఆరేలోపు

దీపావళి ముందురోజు. బూజు దులపడం అయింది, ఇత్తడి సామాను తోమడం అయింది, అరిసెల బియ్యం గుడ్డ మీద ఆరబోయడం అయింది. పిండి పట్టించడం మిగిలింది.

ఆ తడి బియ్యం వాసనకు, ఊరికి కరెంటు రాని రోజులనాటి, ఉదయగిరిలోని మా వసారా కళ్లముందు తేలింది. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, చెమ్మ పూర్తిగా ఆరకముందే బియ్యం దంచాలి. లేకపోతే అరిసెలు విరిగిపోతాయి.

ఒక ఏడు పండగ పనులతో అమ్మకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. "చెమ్మ తగ్గంగానే లేపు అత్తా" అని మా అవ్వకు చెప్పి, చాప మీద ఒరిగింది.

అవ్వ బియ్యం పిడికిట పట్టి చూసింది. నేను అమ్మను లేపబోతే చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది. కొండ మీది గాలి చల్లగా తగులుతోంది. మెట్ల మీది ఎండ మెల్లగా గోడెక్కింది. బియ్యం గలగలా ఎండిపోయాయి.

అమ్మ ఉలిక్కిపడి లేచింది. "అయ్యో, ఎండిపోయినాయే! లేపలేదేంది అత్తా?"

"లేపితే లేస్తావు గదమ్మే. అందుకే లేపలా."

"రేపు పండగ! వీధిలోవాళ్లు నవ్వరా?"

"నవ్వనీ. బొరుగుల ఉండలు నేను చుడతాలే. నువ్వు ఇంకాసేపు పడుకో."

అమ్మ గొణుగుతూనే మళ్లీ కళ్లు మూసింది. ఆ ఏడు మా ఇంట్లో అరిసెలు లేవు. అమ్మ నిద్ర బాకీ మాత్రం పండగలోపే తీరిపోయింది.