దమ్ముకు గడి లేదు

మా వైపు దమ్ము అంటే జబ్బు. ఊపిరి అందకపోవడం, ఛాతీలో పిల్లికూతలు, పడుకోలేక గోడకు ఆనుకుని కూర్చోవడం. జనగామలో మా నాయినమ్మకు ఉండేది. చలికాలం వచ్చిందంటే ‘అవ్వకు దమ్ము లేసింది’ అని ఇంట్లో అందరం మెల్లగా మాట్లాడుకునేవాళ్లం. తర్వాత నేను నర్సునై మహదేవపూర్ దిక్కు మూడేళ్లు పనిచేశాను. వడ్లు తూర్పారబట్టే రోజుల్లో ఆ దుమ్ముకు దమ్మున్న మనుషులు బారులు తీరేవారు. ఆ మాటకు అర్థం ఏమిటని నేను ఎవరినీ అడగలేదు. అన్నం అంటే ఏమిటని ఎవరైనా అడుగుతారా?

ఆ ఒక్క మాట దగ్గర ఒక మనిషి ప్రాణం పోబోయింది. ఇన్నేళ్లయినా నాకు కోపం చల్లారలేదు. చల్లారకముందే రాసిపెట్టుకోవాలని రాస్తున్నాను.

ఉద్యమం జోరుగా నడుస్తున్న రోజులు. మహబూబాబాద్‌లో, మా నోట మానుకోటలో, స్టేషన్ అవతల ఇరవై మంచాల ప్రైవేటు దవాఖానలో పనిచేస్తున్నాను. దాని పేరు రాయను, ఇప్పుడది లేదు కూడా. ఎదురుగానే దీక్షా శిబిరం ఉండేది. పొద్దున తొమ్మిదింటికల్లా మైకు మొదలయ్యేది. మన భాషను సినిమాల్లో రౌడీలకూ జోకర్లకూ అంటగట్టి మనల్ని నవ్వులపాలు చేశారని ఉపన్యాసాలు ఇచ్చేవారు. సెలైన్ ఎక్కిస్తూ వింటుంటే నాకు రక్తం ఉడికేది. మా డాక్టరమ్మది హన్మకొండ. ఆమె తన స్కూటీ నంబరు ప్లేటు మీద ఏపీ చెరిపించి టీజీ రాయించుకుంది. మేమంతా తెల్లకోట్ల మీద బ్యాడ్జీలు పెట్టుకుని తిరిగేవాళ్లం.

సరిగ్గా అప్పుడే మా దవాఖానకు కంప్యూటర్లు వచ్చాయి. వాటిని వాడడం నేర్పడానికి కోస్తా నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. రైలు రోకోలో చిక్కుకుని రెండు రోజులు ఆలస్యంగా దిగాడు పాపం. నలభై దాటిన మనిషి, మర్యాదస్తుడే. “ఇకమీదట కంప్యూటర్లో ఉన్నదే నిజం మేడం. కాగితాలు ముట్టుకోవద్దు. రోగిని పదిసార్లు అడిగి టైం పాడుచేసుకోవద్దు” అన్నాడు. ఆ సాయంత్రమే మా కేసు షీట్లన్నీ యూరియా సంచుల్లో కుక్కి మెట్ల కింద పడేశారు.

ఆ కేసు షీట్ల పైమూలన మేము ఎర్రసిరాతో రాసుకునే అలవాటు ఒకటుండేది. ఫలానా సూది పడదు, ఫిట్స్ ఉన్నాయి, దమ్ము ఉంది. ఎవరు కాగితం పట్టుకున్నా ముందు ఆ ఎరుపే కళ్లకు కొట్టేది. కంప్యూటర్లో ఎర్రసిరా లేదు. అన్నీ గళ్లే. ప్రతి గడికీ వాళ్లు ముందే రాసిపెట్టిన మాటలు, వాటిలో ఒకటి నొక్కాలి.

నేను లేచి అడిగాను. “సార్, మా దగ్గర దమ్ము అంటరు. అది ఏ గడిల నొక్కాలె?”

ఆయన నవ్వాడు. “దమ్ముంటే మాకూ కొంచెం ఇప్పించండి మేడం, మీ ఉద్యమం చూస్తుంటే భయమేస్తోంది” అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బయట మైకులో నా భాష కోసం గొంతులు చించుకుంటున్నారు, లోపల నేను బ్యాడ్జీ పెట్టుకుని ఇకిలిస్తున్నాను. తర్వాత ఆయన “ఉబ్బసం అని ఉందిగా, అది నొక్కండి” అన్నాడు. నాకైతే చెప్పాడు. కౌంటర్లో కూర్చుని నొక్కేది నేను కాదు కదా.

కౌంటర్లో కూర్చునే ఆమెది కృష్ణా జిల్లా. భర్త రైల్వేలో పనిచేస్తాడు, ఆయనతోపాటు మా ఊరొచ్చింది. మంచి మనిషి, మాకు గోంగూర పచ్చడి తెచ్చిపెట్టేది. ఆమె మీద నాకు పగ లేదు. కానీ జరిగింది జరిగినట్టు చెప్పాలి.

నర్సింహులపేట దగ్గరి ఒక తండా నుంచి ఒక లంబాడా అమ్మాయి పేరు రాయించుకోవడానికి వచ్చింది. అయిదో నెల, తొలిచూలు. ఇంట్లో వాళ్ల మాట వేరు, మనతో మాట్లాడేటప్పుడు మన తెలుగే. ఇంతకుముందు ఏమైనా జబ్బులున్నాయా అని కౌంటర్లో అడిగారు. “దమ్మున్నదక్కా, చిన్నప్పటి సంది” అని చెప్పింది. కౌంటర్ ఆమె విన్నది. ఆమెకు తెలిసిన దమ్ము వేరు, బీడీ దమ్ము. తండావాళ్లలో ముసలవ్వలు చుట్ట తాగడం ఆమె బస్టాండులో చూసింది కూడా. ఇంకేముంది, పొగ తాగే అలవాటు అన్న గడిలో ‘ఉంది’ నొక్కింది. ఉబ్బసం గడిలో ‘లేదు’ నొక్కింది. ఖాళీగా వదిలితే ఆ యంత్రం ముందుకు కదలదు మరి.

ఏడో నెలలో డాక్టరమ్మ కంప్యూటర్ తెర చూసి ఆ అమ్మాయిని కోప్పడింది. “పొగ బంద్ చెయ్యాలె. కడుపుల బిడ్డకు మంచిది కాదు” అంది. పిల్ల తల ఊపి వెళ్లిపోయింది. ఆమెకు తెలిసిన పొగ ఒక్కటే, కట్టెల పొయ్యి పొగ. దమ్మున్న మనిషిని పొగ దగ్గర ఉండొద్దనడం సబబే కదా. ఇంటికి పోయి వంట అత్తకు అప్పజెప్పింది. దానికి అత్తకూ కోడలికీ నెలరోజులు మాటల్లేవని తర్వాత తెలిసింది. ఎనిమిదో నెలలో డాక్టరమ్మ “పొగ మానేసినవా?” అని అడిగితే “మానేసిన డాక్టరమ్మా” అని చెప్పింది. తెరమీద ‘మానేశారు’ అని ఎక్కింది. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే ఇద్దరికీ సంతోషం. పొగ తాగని మనిషి చేత పొగ మాన్పించిన ఘనత మాది.

కాన్పు బంద్ రోజున వచ్చింది. బస్సుల్లేవు, ఆటోల్లేవు. ట్రాక్టర్లో గడ్డి పరిచి తీసుకొచ్చారు. చౌరస్తాలో రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నవాళ్లు గిన్నెలు, గంజులు పక్కకు జరిపి దారిచ్చారట. నేను ఆ అమ్మాయిని చూడడం అదే మొదటిసారి. వెనకటి రోజులైతే మంచం దగ్గరికి పోగానే ‘ఏమన్న బీమారి ఉన్నదా బిడ్డా’ అని నేనే అడిగేదాన్ని. ఆ రోజు అడగలేదు. తెరమీద అంతా ఉందిగా.

పన్నెండు దాటాక ఆడపిల్ల పుట్టింది. బాగా ఏడ్చింది. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. ఒక సూది ఇచ్చాం, లాభం లేదు. బొడ్డు కింద పిడికిలితో నొక్కి పట్టుకున్నాను, గుడ్డలు తడుస్తూనే ఉన్నాయి. గర్భసంచి ముడుచుకునేలా చేసే గట్టి సూది ఒకటుంది, ఫ్రిజ్‌లో పెడతాం. అది ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇస్తే గర్భసంచితోపాటు ఊపిరి గొట్టాలూ ముడుచుకుంటాయి. డాక్టరమ్మ తలుపు పక్కనున్న కంప్యూటర్ తెర వైపు చూసింది, ఉబ్బసం లేదు అని ఉంది. “ఆ సూది పట్టుకురా” అంది. నొక్కి పట్టే పని ఆయమ్మకు అప్పజెప్పి పోయి తెచ్చాను, మందు సిరంజిలోకి గుంజాను.

అప్పుడు తలుపు సందులోంచి ఆ అమ్మాయి వాళ్ల అమ్మ మాట వినబడింది. వాళ్లు యాడి అంటారు తల్లిని. ఆమె ఎవరితోనూ ప్రత్యేకంగా అనలేదు, బతిమాలుతున్నట్టు అంది. “సూది జర చూసి ఇయ్యిండ్రి బిడ్డా. దానికి దమ్మున్నది.”

నా చేయి ఆగిపోయింది. “డాక్టరమ్మా, ఈమెకు దమ్మున్నదట” అన్నాను.

“లేదని ఉన్నది కదా. పొగ తాగేది, మానేసింది” అంది డాక్టరమ్మ. అని, అన్న మాట తన చెవినే పడి, నా ముఖంలోకి చూసింది. హన్మకొండలో పుట్టి పెరిగిన మనిషికి దమ్ము అంటే ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. “పారెయ్యి” అంది. వేరే మాత్రలు పెట్టాం, ఇద్దరం వంతులేసుకుని ముప్పావుగంట నొక్కి పట్టాం. రక్తం తగ్గింది. నేను ఆ సిరంజి చెత్తలో పడేసి, బాత్రూంలో తలుపు వేసుకుని, నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. ఎవరినో నాకే తెలియదు.

మర్నాడు కౌంటర్ ముందు నిలబడి అడిగాను. ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. “మావైపు దమ్ము అంటే సిగరెట్టేనండీ. మీరంతా చెప్పొచ్చు కదండీ” అంది. చెప్పొచ్చు. నిజమే. కానీ ఇక్కడ పుట్టిన మేము మా జబ్బు పేరును ఎవరికి చెప్పి ఒప్పించుకోవాలి? ఆమె అడిగిందా? ఆ గళ్లు రాసినవాడు అడిగాడా? మానుకోట వచ్చి మానుకోట రోగుల కోసం పెట్టిన యంత్రంలో మానుకోట మాట ఒక్కటీ లేకపోతే, అది ఎవరి దవాఖాన? ఇదంతా అరిచాను. పచ్చడి పెట్టిన చేతిని కూడా చూడకుండా అరిచాను.

అయిదో రోజు ఇంటికి పంపించాలి. వెళ్లేటప్పుడు ఇచ్చే కాగితం కంప్యూటరే అచ్చు వేస్తుంది, దాని మీద చేత్తో రాయకూడదని యజమాని హుకుం. ఆ కాగితం పట్టుకుని ఆ అమ్మాయి రేపు వరంగల్ పోతుంది, కూలికి వలసపోతే ఇంకో ఊరి దవాఖానకు పోతుంది. అక్కడ ఎవరో నాలాంటిది ఉబ్బసం లేదని చదివి సూది గుంజుతుంది. ఆ రోజు తలుపు దగ్గర యాడి ఉంటుందో ఉండదో. ఎట్లయినా ఆ రెండు గళ్లు సరిచేసి పంపాలని పట్టుబట్టి కూర్చున్నాను.

గళ్లు లాక్ అయి ఉన్నాయి. కంపెనీ మనిషికి ఆరుసార్లు ఫోన్ చేశాను. ఏడోసారి ఎత్తి, ఏదో రహస్య సంఖ్య చెప్పాడు. గళ్లు తెరుచుకున్నాయి. పొగ లేదు, ఉబ్బసం ఉంది అని నొక్కాను. అప్పుడు ఇంకో గడి తెరుచుకుంది. మార్పుకు కారణం. దాని కింద మూడు మాటలు. రోగి తప్పు సమాచారం ఇచ్చారు. రోగి సమాచారం దాచారు. రోగి తర్వాత గుర్తు చేసుకున్నారు. ఇవి మూడే.

“సార్, మేము తప్పు విన్నమని ఏడ నొక్కాలె?” అని అడిగాను.

“అలాంటి ఆప్షన్ లేదు మేడం. ఏదో ఒకటి నొక్కేయండి, ఎవరు చూస్తారు” అన్నాడు.

ఎంతసేపు కూర్చున్నానో. నొక్కకపోతే ఆ గళ్లు మళ్లీ పాతవాటికే పోతాయి. మూడోది నొక్కుదామనుకున్నాను. తర్వాత గుర్తు చేసుకోవడమేమిటి, ఆ పిల్ల మొదటిరోజే చెప్పింది కదా. దాచిందని నొక్కడానికి చేయి రాలేదు. ఉన్న అబద్ధాల్లో కాస్త చిన్నదని మొదటిది నొక్కాను. నా వేలితోనే నొక్కాను.

కాగితం వచ్చింది. ఆ అమ్మాయి భర్త పదో తరగతి దాకా చదివాడు. అచ్చైన తెలుగును కూడబలుక్కుని పైకి చదివాడు. పొగ తాగే అలవాటు లేదు, ఉబ్బసం ఉంది దాకా తల ఊపాడు. తర్వాతి వరుస చదివి ఆగి, భార్యను వాళ్ల మాటలో ఏదో అడిగాడు. ఆ పిల్ల బిడ్డను భుజం మార్చుకుని నా దగ్గరికి వచ్చింది.

“అక్కా, నేనేం తప్పు చెప్పిన?”

“నువ్వు తప్పు చెప్పలే బిడ్డా. మేమే తప్పు విన్నం. దాంట్ల గట్ల రాసే జాగ లేదు.”

ఆమె నా మాట నమ్మలేదు. నమ్మడానికి ఏముంది, కాగితం ఆమె మొగుడి చేతిలో ఉంది. నా కోటు మీది బ్యాడ్జీ వైపు కాక నేల వైపు చూస్తూ, “ఆ బీమారిని మీరు ఏమంటరక్కా?” అని అడిగింది.

“ఉబ్బసం” అన్నాను.

“ఉబ్బసం” అంది. ఇంకోసారి అంది, నోరు తిరిగేదాకా. “ఇగ ఏ దవాఖానకు పోయినా గదే చెప్త. నాకు తెల్వక దమ్ము అన్ననక్కా, ఏమనుకోకు.”