గాలికి తిరిగిన మీటరు

ఈ రోజు ధర్మవరంలో మా ఇంటి కుళాయి పోయేదే. మీటరు మరీ ఎక్కువ చూపిస్తోందని, నీళ్లు బయట అమ్ముకుంటున్నామని అనుమానపడి, కనెక్షను తీసేయడానికి మునిసిపాలిటీ మనిషి పానా పట్టుకొని వచ్చాడు. మా నాయన పట్టునూలుకు రంగు వేస్తాడు. నీళ్లు లేకపోతే ఆయనకు పని లేదు.

"మీటరు అబద్ధం చెప్తాదా?" అన్నాడతను.

నీళ్లు వచ్చాక బకెట్టుతో కొలిచి చూసి, తర్వాతే తీయమని బతిమాలాను. సరేనని పానా ఒళ్లో పెట్టుకొని అరుగు మీద కూర్చున్నాడు.

మా వీధిలో అందరూ కుళాయి తెరిచే ఉంచుతారు. బుస్సుమంటే నీళ్లొస్తున్నట్టు గుర్తు. ఆ చప్పుడు రాగానే అమ్మ బకెట్టు పెట్టింది. నేను మీటరు వైపు చూశాను.

"అన్నా, ఈడ సూడు! బకెట్లో చుక్క పడలేదు, ముల్లు తిరుగుతాండాది!"

అతను వంగి చూశాడు. ఖాళీ బకెట్లో చెయ్యి పెట్టి చూశాడు.

"పైపులో గాలికే తిరుగుతాండాది కదప్పా! రోజూ ఇంతేనా?"

"ఒక్కోనాడు ఇంకా జాస్తి," అన్నాడు నాయన.

పానా సంచిలోకి వెళ్లింది. "నీళ్లొచ్చేదాకా కుళాయి మూసిపెట్టండి."

"మూస్తే నీళ్లొచ్చేది ఎట్ల తెలుస్తాదప్పా?" అన్నాడు నాయన.

అతను సంచి భుజాన వేసుకొని వెళ్లిపోయాడు. రేపటి నుంచి మాటిమాటికీ తెరిచి చూస్తూ, మూసిన కుళాయికి కాపలా నేనే. మీ ఇంట్లో ముల్లు దేనికి తిరుగుతోందో ఒకసారి చూసి చెప్పండి.