పెదనాన్నకి సంధి

యుద్ధం పాఠం చెప్పబోయి ఇంటి మీదికి యుద్ధం తెచ్చుకున్న టీచరును మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పడానికి చేరిన కొత్త అది. నా అంత తెలివైనది జిల్లాలో లేదనుకునే రోజులు.

ఆ వారం పాఠం ఒక దేశపు అంతర్యుద్ధం. ముందుగా కఠిన పదాలు బోర్డు మీద రాశాను: అంతర్యుద్ధం, వేర్పాటు, తటస్థత, సంధి. పుస్తకంలోని అర్థాలు నాకే ఎక్కలేదు, పిల్లలకేం ఎక్కుతాయి? అందుకని మా ఇంటినే ఉదాహరణగా తీసుకున్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంటినే రచ్చకీడ్చాను.

“మా నాన్నా పెదనాన్నా జీడితోట గట్టు మీది చెట్టు నాదంటే నాదని కొట్టుకున్నారు. అది అంతర్యుద్ధం. ఇంటికి అడ్డంగా గోడ కట్టుకున్నారు. అది వేర్పాటు. ఆ గోడ మీంచే మా అమ్మ ఇప్పటికీ నెత్తళ్ల కూర అందిస్తుంది. అది తటస్థత.”

“మరి సంధి, టీచర్?”

అదొక్కటే మా ఇంట్లో ఇంకా జరగలేదు. వచ్చే ఆదివారమే నా నిశ్చితార్థం. గోడ అవతల ఉన్న పెదనాన్నకి పిలుపు వాట్సాప్‌లో పంపాను. రెండు నీలి గీతలు పడ్డాయి గానీ జవాబు లేదు. సైకిలు మీద నన్ను సండే స్కూలుకి తిప్పిన మనిషి. ఆయన ప్రార్థన చేయని నిశ్చితార్థం నాకెందుకు?

“మా పెదనాన్నకి సంధి రావాలని రోజూ ప్రార్థన చేస్తున్నాను” అన్నాను.

పెదనాన్న సంధికి రావాలని నా ఉద్దేశం. ‘కి’ ఒక్కటి చోటు మారింది. మా వైపు పెద్దవాళ్లకి సంధి అంటే జ్వరం ముదిరి పిచ్చిమాటలు మాట్లాడటం. పైగా పెదనాన్న మనవరాలు రూతు మూడో బెంచీలో ఉందని మరిచేపోయాను.

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి, ఆరేళ్ల తర్వాత, పెదనాన్న మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఒరే తమ్ముడా! నాకు సంధి రావాలని నీ కూతురు పార్థన సేస్తందటరా! పిచ్చిమాటలాడుతూ సావాలా నేను?”

“ఏటే, అలగన్నావా?” అని నాన్న నా మీదికొచ్చాడు.

“సంధంటే రాజీ, పెదనాన్నా!”

“రాజీ అయితే రాజీ అని సెప్పాలి. సంధేటి?”

“కూకో అన్నయ్యా. దీనికి నోరు జాస్తి.”

“నువ్వే సెడగొట్టావు.”

“నేనా? సైకిలెక్కించి ఊరంతా తిప్పిందెవరు?”

నన్ను ఎవరు ఎక్కువ చెడగొట్టారని గంటసేపు వాదించుకున్నారు. చెట్టు మాట ఒక్కసారీ రాలేదు. ఆరేళ్లుగా ఇద్దరూ వెతుక్కుంటున్నది మాట కలపడానికి ఒక సాకు మాత్రమేనని అప్పుడు తెలిసింది. ఏడుపొచ్చి, టీ పెట్టే వంకతో లోపలికెళ్లాను.

ఆదివారం పెదనాన్న వచ్చాడు. ప్రార్థనకి లేచి, కళ్లు మూసుకుని, పెళ్లివారందరికీ వినబడేలా అన్నాడు:

“పెబువా, మా పిల్లని సల్లగా సూడు. దీన్ని సేసుకునే ఆ అబ్బాయికి మాత్రం సంధి రాకుండా కాపాడు!”

అందరికంటే గట్టిగా “ఆమెన్” అన్నది మా నాన్న. మా క్రైస్తవుల్లో ఒట్లు పెట్టుకోకూడదంటారు గానీ, ఆ రోజు నేను పెట్టుకున్నాను: ‘కి’ ఎక్కడ పడిందో చూసుకోకుండా ఈ జన్మలో ఎవరి కోసమూ ప్రార్థన చేయను.