మడతలో పడ్డ చెరువు

దారి అడిగినవాళ్ళ ముఖం ఆయన ముందుగా చూడడు. బల్ల మీదుగా వంగి, కాళ్ళ వైపు చూస్తాడు.

పల్చటి చెప్పులైతే చెరువుకు పంపుతాడు. బిగించి కట్టిన బూట్లైతే ఎర్రలోయ. కొత్త చెప్పులు కరుస్తున్నట్టు కనిపిస్తే కోట. అక్కడ మెట్ల దాకా బస్సు పోతుంది. చెప్పులు చేత్తో పట్టుకున్న పిల్లలుంటే జలపాతం. చూడటం అయ్యాకే తల ఎత్తి నమస్కారం పెడతాడు.

పర్యాటక కార్యాలయం అంటే బస్టాండు వెనక ఒకే గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను. గోడకు ఈ ప్రాంతం మొత్తం. ఉత్తరాన అడవి కొండలు, పడమర లోయ, దక్షిణాన గుహలు, తూర్పున కోట, నడుమ చెరువు. ఆ పటం గీసింది ఆయనే. వయసులో ఉన్నప్పుడు సైకిలు చక్రానికి ఎర్రగుడ్డ కట్టి, అది ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెడుతూ ప్రతి దారీ కొలిచాడు. అందరూ పటాలాయన అంటారు. భార్య కూడా, కోపం వచ్చినప్పుడు.

పటాన్ని చిన్నగా అచ్చువేసి పంచుతారు. మడవడం ఆయన పని. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి, చెక్క స్కేలుతో గట్టిగా ఒత్తి. అంచుకు అంచు వెంట్రుకంత కూడా తేడా రాదు. ఆ మడత చూసుకుని మురిసిపోతాడు.

ఒక ఉదయం ఒకామె వచ్చింది. ఆయన కాళ్ళు చూశాడు. చెప్పులు లేవు, పాదాలకు ఎండిన బురద.

"నేను దారి అడగడానికి రాలేదన్నయ్యా. పడవ నడుపుతాను. మా చెరువు ఏమైందో కనుక్కోడానికి వచ్చాను."

వాడి వాడి నలిగిన పటం ఒకటి విప్పి మొహానికి అడ్డం పెట్టుకుంది. సరిగ్గా నడుమ, రెండు మడతలు కలిసేచోట, రూపాయి బిళ్ళంత చిల్లు. చిల్లులోంచి ఒక కన్ను ఆయన్ని చూసింది.

"ఇదిగో, మా చెరువు."

ఆయనకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"నేను చాలామందిని అటే పంపుతున్నాను కదమ్మా."

"పంపుతారు. వాళ్ళు తల ఊపి బయల్దేరతారు. దారి చీలేచోట పటం తీస్తారు. అక్కడ పటమే ఉండదు. నేరుగా కోటకు పోతారు. ఈ వేసవిలో కూడా జనం రాకపోతే పడవని వేరేచోటికి తీసుకుపోతామని మీ పైవాళ్ళు చెప్పారు. పడవ పోతే నేనేం నడపను, చెరువునా?"

కొత్త పటం మర్నాడు మధ్యాహ్నమే అచ్చుకు వెళ్తోంది. ఆయన ఆమెను కూర్చోబెట్టి, పక్క ఆఫీసులోని అధికారి దగ్గరికి వెళ్ళాడు.

"దానికేముందయ్యా," అన్నాడు అధికారి. "చెరువుని రెండు వేళ్ళు పక్కకు జరుపు. అలుగుతుందా ఏమిటి?"

"చెరువు అలగదు సార్. జరిపినచోట వెతికి వెతికి, జనం అలుగుతారు."

"అయితే పటం మొత్తం ఎడమకు జరుపు."

"ఎడమ అంచున మీ ఫొటో ఉంది సార్. స్వాగతం చెబుతూ."

అధికారి బల్ల మీది పటంలో తన ఫొటోను ఒకసారి చూసుకున్నాడు. తర్వాత, చెరువులు ఇంకా చాలా ఉన్నాయన్నాడు.

ఏదో ఒకటి చేస్తానని పడవామెను పంపేసి, సాయంత్రం ఇంట్లో ఆయన కాగితం మడుస్తూ విప్పుతూ కూర్చున్నాడు. భార్య కుట్టుమిషను మీద ఎవరిదో చొక్కా కుడుతోంది. నోట్లో గుండుసూది.

"ఇన్నేళ్ళూ నేనే స్కేలు పెట్టి ఒత్తాను," అన్నాడు, జరిగిందంతా చెప్పి. "ఇంకొకడు మడిస్తే వంకరగా మడిచి ఆ చెరువుని బతికించేవాడు."

ఆమె గుండుసూది తీసింది. "గళ్ళ గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టు ఎక్కడ పడుతుందో ముందు చూసుకుంటాం. మీరు ముందు గీసి, తర్వాత మడిచారు. మీ దగ్గర చొక్కా కుట్టించుకుంటే మెడ వీపు మీద ఉంటుంది."

"సరే తల్లీ. ఇప్పుడేం చెయ్యను?"

"పటం ఎడమకు జరిపితే కుడివైపు ఖాళీ వస్తుందా, రాదా?"

"వస్తుంది."

"మీ ఆఫీసరుగారిని తీసి అక్కడ కుట్టండి. మనిషేగా, జరుగుతాడు."

ఆయన అప్పుడే ఫోన్ చేశాడు. అవతల అధికారి అడిగాడు: "కుడివైపు పెడితే నేను ఎటు చూస్తానయ్యా? బయటికా?"

"లోపలికే సార్. కొండలూ కోటా అన్నీ మీ చూపు కిందే ఉంటాయి."

"అలాగా. ముందే చెప్పొద్దూ!"

ఆయన కొత్త కాగితాన్ని మడిచాడు. చెరువు మడతల కూడలికి రెండు వేళ్ళ దూరంలో నిబ్బరంగా ఉంది. మడతలు కలిసేచోట నల్లరాతి మైదానం పడింది. పటం మీద అదంతా తెల్లటి ఖాళీ. ఆ రోజుల్లో రోడ్డు లేక, సైకిలు పోదని వదిలేసిన చోటు.

"అక్కడేముంది?" అంది భార్య.

"ఏమీ లేదు."

"చూశారా?"

ఆయన స్కేలు కింద పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే మార్చిన పటం ప్రెస్సులో ఇచ్చి, తాను చెప్పేదాకా ఆగమని, మొదటి బస్సెక్కి మైదానం నడుమ దిగాడు. "ఇక్కడేముందని దిగుతున్నారండీ?" అన్నాడు కండక్టరు. "అదే చూద్దామని," అన్నాడు. గంటసేపు నడిచాడు. రాళ్ళు, రాళ్ళ మీద ఎండ, ఒక తొండ. చివరికి మేకల్ని తోలుకుంటూ ఒక ముసలాయన ఎదురయ్యాడు.

"పెద్దాయనా, ఇక్కడికి ఎవరైనా రావాలని మీకు ఉందా?"

"ఎందుకొస్తారు? నేనే గడ్డి లేక పోతున్నా."

"పటంలో ఇక్కడ చిల్లు పడుతుంది. మీకేమన్నా ఇబ్బందా?"

ముసలాయన చుట్టూ చూశాడు. "పడనివ్వు నాయనా. కాస్త గాలన్నా వస్తుంది."

పటాలాయన అక్కడే ఒక రాతి మీద కూర్చుని ప్రెస్సుకు ఫోన్ చేసి, అచ్చు మొదలుపెట్టమన్నాడు. తర్వాత రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాడు. చెరువుకు వెళ్ళే బస్సు ముందొచ్చింది. అదే ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, పడవ దగ్గరికి ఒక టికెట్ ఇమ్మన్నాడు.