నూనె ముందర ఎత్తకూడని పేరు

మా ఇంట్లో పొయ్యి మీద నూనె కాగుతుంటే దయ్యం పేరు ఎత్తకూడదు. ఎత్తితే నూనె పొంగి వంట చెడుతుందని మా అత్త చెప్పేది. ఆ కట్టుబాటును మూకండపల్లిలోని ఈ అద్దె ఇంటికీ తెచ్చుకున్నాను. అలాంటిది, మనవరాలు నా బాణలిలోనే దయ్యాలు వేయించాలంది.

పై అంతస్తు పాప పుట్టినరోజుకు పిల్లలందరూ దయ్యాల వేషం కడతారట. తలా ఒక భయపెట్టే కారపు తిండి తేవాలట. కిందటిసారి మా పాప అక్కడికి నేను చేసిన రాగి నిప్పట్లు, అంటే కారపు చెక్కలు పట్టుకుపోతే, "పిడకలు తెచ్చినావా?" అని నవ్వారు. ఎవరూ ముట్టలేదు. డబ్బా నిండుగానే తిరిగొచ్చింది. ఆ తర్వాత పాప ఆడుకోవడానికి ఆ మెట్లు ఎక్కలేదు.

"ఈసారి వాళ్లు తినాలవ్వా. చీజు, సాసు కొనియ్యి," అంది.

"కొనేది లేదు. రాగిపిండి ఉండాది, బియ్యప్పిండి ఉండాది, శెనక్కాయలు ఉండాయి."

అలుగుతుందనుకున్నాను. కాసేపు డబ్బాల వైపు చూసి, "రాగి నల్లగా ఉంటాది కదా, దయ్యం గబ్బిలాలకి అదే బాగుంటాది," అంది.

"నూనె పెట్టినాక ఆ పేరు మాత్రం నోట రాకూడదు."

"మరి ఏమని పిలిచేదవ్వా?" అన్నాడు దాని తమ్ముడు.

"చుట్టాలు అందాం," అంది పాప.

నువ్వులు, కారం, ఉప్పు వేసి పిండి కలిపిచ్చాను. నేను పుట్టి బుద్ధెరిగి తట్టినవన్నీ గుండ్రటి నిప్పట్లే. ఈ పిల్ల చెంచా అంచుతో రెక్కలు కోసింది, గిల్లి చెవులు లేపింది, బియ్యప్పిండితో తెల్లటి పళ్లు అతికించింది, శెనక్కాయ బద్దలు నొక్కి కళ్లు పెట్టింది. ఎవరూ నేర్పలేదు.

మొదటి వాయిలోనే కళ్లు ఊడి నూనెలో తేలాయి.

"అక్కా, చుట్టానికి కండ్లు రాలిపోయె!" అని తమ్ముడు లబోదిబోమన్నాడు.

"సాల్లే, గుండ్రంగానే తట్టేద్దాం," అన్నాను.

పాప ఒకదాన్ని చల్లార్చి కిటికీ దగ్గర పట్టుకుంది. "వద్దవ్వా. గుంతలే బాగుండాయి. చూడు, యాడికి జరిగినా మనల్నే చూస్తాండాది."

చూశాను. నిజమే. దాన్ని తుంచడానికి నాకే చెయ్యి రాలేదు. ఇక ప్రతిదానికీ బద్ద నొక్కి, తీసేసి, అప్పుడు నూనెలో వెయ్యమంది. ఊడిన బద్దల్ని జల్లిగంటెతో దేవి పెట్టాను. రెక్కలు విరిగినవాటిని మా టీలోకని పక్కన ఉంచాను.

సాయంత్రం పిల్లలిద్దరూ డబ్బా పట్టుకుని మెట్లెక్కి పోయాక, పైనుంచి నవ్వులు వినిపించాయి. ఏ నవ్వో తెలియక మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాను. అంతలో తమ్ముడు దిగి వచ్చాడు.

"అవ్వా, అక్క రూలు పెట్టినాది! నోట్లో ఉన్నంతసేపు ఆ పేరు అనకూడదంట. అంటే కడుపులో లేచి కూర్చుంటాదంట. అందరూ ఒకరి చేత ఒకరు చెప్పించాలని తింటానే ఉండారు!"

మా అత్త కట్టుబాటు ఇంత పనికొస్తుందని నాకెప్పుడూ తోచలేదు. ఆ పిల్లకు తోచింది.

కాసేపటికి పాపే వచ్చింది, పక్కన పుట్టినరోజు పిల్ల. డబ్బా ఖాళీ.

"చుట్టాలు ఇంకా ఉండారా అవ్వా?" అంది పై ఇంటి పిల్ల.

"రెక్కలు ఇరిగినోళ్లే ఉండారమ్మా."

"వాళ్లయితే ఇంకా భయం! ఇయ్యండి."

టీలోకని దాచినవన్నీ పళ్లెంలో పోశాను. ఇద్దరూ చెరోపక్క పట్టుకుని మెట్లు ఎక్కారు.