సువార్తమ్మ నియామకపు కాగితం

పదకొండేళ్లుగా ఈ బరువు మోస్తున్నాను. ప్రార్థనలో కళ్లు మూసుకుంటే చాలు, లేచి బయటికి వచ్చేయాలనిపిస్తుంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

హిందూపురంలో ఒక క్రైస్తవ సంఘం ఆఫీసులో నేను గుమాస్తాను. పెనుకొండలో సంఘానికి ఆడపిల్లల హాస్టలు ఉండేది. అక్కడ సువార్తమ్మ పంతొమ్మిదేళ్లు వంట చేసింది. ఆ ఆవరణలోనే ఒక గదిలో ఉండేది. తర్వాత సంఘం రెండుగా చీలింది. హాస్టలు స్థలం మాదంటే మాదని రెండు వర్గాలూ కోర్టుకెక్కాయి. మా వర్గం సువార్తమ్మను గది ఖాళీ చేయమంది. తాను ఉద్యోగినని, ఎలా పంపిస్తారని ఆమె కూడా కేసు వేసింది.

ఆమె నియామకపు కాగితం ఒక్కటే, అది మా బీరువాలోనే ఉంది. టైపు చేసింది నేనే. సంతకం పాత అధ్యక్షుడిది. ఆయన ఇప్పుడు అవతలి వర్గం. అది బయటికొస్తే హాస్టలు నడిపింది వాళ్లేనని తేలుతుందని మా కార్యదర్శి భయం.

"నీ ఉద్యోగం గూడా చూసుకోప్పా," అన్నాడు. బెదిరించాడా? లేదు. నవ్వుతూనే అన్నాడు.

కాగితాన్ని టిఫిన్ సంచిలో ఇంటికి తెచ్చి నీళ్ల పొయ్యిలో వేశాను. కోర్టులో ప్రమాణం చేసి, ఆమె దేవుడి సేవగా వండిందే తప్ప ఉద్యోగి కాదని చెప్పాను.

కోర్టు మెట్ల దగ్గర ఆమె నన్ను ఆపింది.

"ఏమబ్బా, ఆ కాగితం టైపు కొట్టి నాకు సదివి ఇనిపిచ్చింది నువ్వే కదా?"

"నాకు తెలీదక్కా."

"నాకు సదువు రాదు. నీకూ రాదా?"

ఆమె ఓడిపోయింది. ధర్మవరంలో చెల్లెలింటికి వెళ్లిపోయింది. స్థలం కేసు ఇంకా తేలలేదు. హాస్టలుకు తాళం పడింది. నా ఉద్యోగం మాత్రం నిలిచింది. ఎందుకు చేశాను? భయంతోనా? భయమేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను, కానీ చదువురాని వంటమనిషి మాట ఎవరు నమ్ముతారులే అన్న ధైర్యం కూడా ఆ రోజు నాలో ఉంది. అదే నన్ను కూర్చోనివ్వదు.

పోయిన నెల ధర్మవరం వెళ్లాను. ఆమె గుమ్మంలో కూర్చుని పట్టుదారం చుడుతోంది. అంతా చెప్పాను. చెయ్యి ఆపలేదు.

"ఈడ నాకు చెప్పేదేముండాది? నాకు తెలిసిందే కదా. పోయి జడ్జికి చెప్పు," అంది.

కూర్చోమనలేదు. క్షమించమని నేనూ అడగలేకపోయాను.

ఈ రోజు లాయరు దగ్గర కూర్చుని, జడ్జికి ఇవ్వడానికి జరిగిందంతా రాసి సంతకం పెట్టాను. మీ మీదే కేసు పడొచ్చన్నాడు. పడనీ. ఆమె గది తిరిగి వస్తుందా? తెలియదు. బయటికొచ్చి బస్టాండు దాకా నడిచాను. చాలా రోజుల తర్వాత ఆకలేసింది.